నాన్నా పులి.. అనబడే మా ఇంటి ఫైర్‌వాల్ కథ

మొన్నామధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు, "అన్నా, ఇంట్లో కంప్యూటర్‌కి ఫ్రీగా దొరికే మంచి ఫైర్‌వాల్ ఏదైనా చెప్పవా" అని. పదిహేనేళ్ల క్రితమైతే వెంటనే ఓ తెల్లకాగితం లాక్కుని, గళ్లు గీసి, నాలుగు పేర్లు రాసి, దేనికెన్ని మార్కులో కూడా వేసి ఇచ్చేవాణ్ణి. ఈసారి మాత్రం, "మీ ఇంట్లో ఆ కంప్యూటర్ వాడేది ఎవర్రా?" అని ఎదురు ప్రశ్న వేశాను. వాడు నన్నో వింత జంతువుని చూసినట్టు చూశాడు. ఎందుకలా అడిగానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఓపిక చేసుకోండి, కాస్త పెద్ద కథే.

2003 ఆగస్టు. అమీర్‌పేటలో కోర్సు, ఎస్.ఆర్.నగర్‌లో రూము, నలుగురికీ కలిపి ఒక అసెంబుల్డ్ కంప్యూటర్. అందులో విండోస్ ఎక్స్‌పీ. పక్కవీధి కేబుల్ టీవీ ఆయన లాగిచ్చిన వైరే మా ఇంటర్నెట్. ఒకరోజు సాయంత్రం నెట్‌కి కనెక్ట్ అయిన కాసేపటికి తెరమీద ఓ డబ్బా ప్రత్యక్షమైంది. సిస్టం షట్‌డౌన్ కాబోతోందట. 60, 59, 58.. అని లెక్క కూడా పెడుతోంది, రాకెట్ ప్రయోగంలాగా. ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాం, మళ్లీ అంతే. "వోల్టేజీ ప్రాబ్లం రా" అన్నాడు ఒకడు. "కాదు, ర్యామ్ పోయింది" అన్నాడు ఇంకొకడు. పాపం మూడోవాడు డబ్బా విప్పి ర్యామ్‌ని రబ్బరుతో తుడిచి మరీ పెట్టాడు.

అది బ్లాస్టర్ అనే వార్మ్ అని మర్నాడు తెలిసింది. మేం ఏ అటాచ్‌మెంటూ తెరవలేదు, ఏ పాడు సైటూ చూడలేదు (నిజం, ఆ రోజు చూడలేదు). ఊరికే నెట్‌కి తగిలించి కూర్చున్నాం, అంతే. ఎక్స్‌పీలో ఆర్‌పీసీ అనే సర్వీసు 135వ పోర్టు మీద చెవి ఒగ్గి వింటూ ఉంటుంది. అందులో ఒక లోపం ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్లు జులైలోనే ప్యాచ్ ఇచ్చారు గానీ, మా రూములో ప్యాచ్ అంటే ప్యాంటుకి వేసేదే. కేబుల్ ఆయన నెట్‌వర్కులో ఏ ఒక్కడికి అంటుకున్నా వీధి మొత్తానికీ అంటుకుంటుంది. ఇంకా తమాషా ఏంటంటే, ఎక్స్‌పీలో అప్పటికే ఒక ఫైర్‌వాల్ ఉంది. ఆఫ్ చేసి, ఎవరికీ కనపడకుండా నెట్‌వర్క్ సెట్టింగుల అడుగున దాచిపెట్టి ఇచ్చారు. ఇంటికి తాళంకప్ప కొనిపెట్టి బీరువాలో భద్రంగా దాచుకున్నట్టన్నమాట.

ఆ దెబ్బతో నాకు ఫైర్‌వాల్ పిచ్చి పట్టుకుంది. జోన్ అలారం, కెరియో, సైగేట్.. ఈ మూడింటి గురించీ మేం హీరోల అభిమానుల్లాగా కొట్టుకునేవాళ్లం. నాది సైగేట్ పార్టీ. 2005లో సిమాంటెక్ వాళ్లు సైగేట్‌ని కొనేసి ఆ ఉచిత ఫైర్‌వాల్‌ని ఆపేశారు. ఆ రోజు నిజంగానే బాధపడ్డాను. అయితే అంతకుముందే, 2004 ఆగస్టులో, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది. దాంతో విండోస్ ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయి ఉండటం మొదలైంది. నిజం చెప్పాలంటే, మా గొప్ప ఫైర్‌వాల్స్ అన్నీ కలిసి చేసినదానికంటే ఈ ఒక్క మార్పే మామూలు జనానికి ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. వాళ్లు ఏమీ నొక్కక్కర్లేదు, ఏమీ నేర్చుకోనక్కర్లేదు. తలుపు వేసే ఉంటుంది. ఈ ముక్క నాకు అప్పుడే బుర్రకెక్కి ఉంటే బాగుండేది. ఎక్కలేదు.

అసలు ఫైర్‌వాల్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తెలిసినవాళ్లు కింది పేరాకి దూకేయండి. అగ్గిగోడ అనగానే మండుతున్న గోడ గుర్తొస్తుంది గానీ, భవనాల్లో ఒకవైపు అంటుకున్న మంట రెండోవైపు పాకకుండా కట్టే గోడకి ఆ పేరు. కంప్యూటర్‌లో దాన్ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. బయటినుంచి పిలవకుండా వచ్చేవాళ్లని గేటు దగ్గరే ఆపడం మొదటి పని. లోపలివాళ్లు ఎవరెవరు బయటికి వెళ్తున్నారో చూడటం రెండో పని. విండోస్‌లో ఉండే ఫైర్‌వాల్ మొదటిది గట్టిగా చేస్తుంది, రెండోదాన్ని మామూలుగా వదిలేస్తుంది. మనం విడిగా దింపుకునే ఉచిత ఫైర్‌వాల్స్‌లో చాలావాటి గొప్పంతా ఆ రెండో పనిలోనే. ఏ ప్రోగ్రాం బయటికి వెళ్లబోయినా ఆపి, "ఫలానావాడు వెళ్తానంటున్నాడు, పంపించమంటారా?" అని అడుగుతాయి.

ఇక అసలు కథ.

2018 సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మా నాన్నగారికి ఒక లాప్‌టాప్ కొని ఇచ్చాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పెన్షన్ కాగితాలు, పేపర్లు చదవడం, పాత పాటలు, అమెరికాలో ఉన్న మా చెల్లితో వీడియో కాల్.. ఇంతే ఆయన వాడకం. నేను ఇంజినీర్ని కదా, ఊరుకుంటానా! అప్పట్లో అందరూ మెచ్చుకుంటున్న ఒక ఉచిత ఫైర్‌వాల్ వేశాను (పేరెందుకులెండి, తప్పు దానిది కాదు). పైగా "అన్నీ అడుగు" అనే అత్యంత కట్టుదిట్టమైన మోడ్‌లో పెట్టి, ఘనకార్యం చేసినవాడిలా మీసం తిప్పుకుంటూ హైదరాబాద్ బస్సెక్కాను.

మర్నాటి నుంచీ ఫోన్లు. "ఒరేయ్, ఇదేదో ఎస్‌వీసీ హోస్ట్ అట, బయటికెళ్తానంటోంది. పంపించనా?" నేను మీటింగులో ఉంటాను. "పంపించు నాన్నా." పది నిమిషాలకి, "ఒరేయ్, ఇందాక వెళ్లినవాడే మళ్లీ వెళ్తానంటున్నాడు." "అది విండోస్‌దే నాన్నా, పంపించు." ఇంకో గంటకి, "ఇది ప్రింటర్ తాలూకు అనుకుంటా, నూట అరవై ఎనిమిది చుక్క ఏదో అంకె చూపిస్తోంది. అంకెలన్నీ చదవనా?" నాలుగో రోజుకి విసుగొచ్చి అనేశాను, "నాన్నా, ఆ డబ్బా ఎప్పుడొచ్చినా అలౌ నొక్కేయ్. కింద రిమెంబర్ అని ఉంటుంది, దానికి కూడా టిక్ పెట్టేయ్. ఏం కాదు." ఆయన "సరే" అన్నారు. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

నాలుగేళ్లు గడిచాయి. 2022లో ఒక సాయంత్రం ఆయనకి ఫోన్ వచ్చింది. కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదట, రాత్రి తొమ్మిదిన్నరకి కనెక్షన్ తీసేస్తారట. ఆ రోజుల్లో దేశమంతా నడిచిన మోసమే ఇది, మీలో చాలామంది వినే ఉంటారు. ఆ మాట్లాడినవాడు ఎంతో మర్యాదగా, "సార్, మీరు పెద్దవారు, మీకెందుకు శ్రమ, నేను చేసి పెడతాను" అంటూ లాప్‌టాప్‌లో ఒక రిమోట్ ప్రోగ్రాం దింపించాడు. తర్వాత ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు. రెండు విడతల్లో డబ్బు లాగబోయాడు. మొదటి విడతలో 47 వేలు పోయాయి. అమ్మకి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేయడం, నేను లాప్‌టాప్ ఆపించి, బ్యాంకుకీ 1930కీ ఫోన్ చేయించడంతో రెండోది ఆగింది.

ఆ వారాంతం తెనాలి వెళ్లి లాప్‌టాప్ తెరిచాను. నా మొదటి అనుమానం ఫైర్‌వాల్ మీదే. పనిచేయలేదేమో, ఆగిపోయిందేమో అనుకున్నాను. లాగ్ తీసి చూశాను. ఆగలేదండీ. శుభ్రంగా పనిచేసింది. ఆ రిమోట్ ప్రోగ్రాం బయటికి వెళ్లబోతే ఆపింది. పేరుతో సహా చూపించి అడిగింది. మా నాన్నగారు జవాబు చెప్పారు. అలౌ.

"మరి ఆ డబ్బా వచ్చినప్పుడు నీకేమీ అనిపించలేదా నాన్నా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆయనేమీ మాట్లాడకుండా లోపలికెళ్లి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. కంప్యూటర్ గురించి నేను చెప్పినవన్నీ అందులో రాసుకున్నారు, తేదీలతో సహా, గుండ్రటి అక్షరాల్లో. నాలుగో పేజీలో ఎర్రసిరాతో గీత గీసి ఉంది: "డబ్బా ఎప్పుడొచ్చినా అలౌ నొక్కవలెను. రిమెంబర్‌కి టిక్ పెట్టవలెను. ఏమీ కాదు. (అబ్బాయి చెప్పినది)."

ఆ బ్రాకెట్లో మాట ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడుతూనే ఉంటుంది.

చిన్నప్పుడు చదువుకున్న 'నాన్నా పులి' కథలో తప్పు పిల్లాడిది. పులి రాకుండానే పదిసార్లు అరిచాడు, నిజంగా వచ్చినప్పుడు ఎవరూ పలకలేదు. మా కథలోనూ తప్పు పిల్లాడిదే. కాకపోతే అరవడానికి నేనొక సాఫ్ట్‌వేర్‌ని పెట్టుకున్నాను. పైగా "అది అరిచినప్పుడల్లా తలుపు తియ్యి" అని కూడా నేనే చెప్పాను.

అందుకే ఇన్నేళ్లకి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. జవాబు తెలియనివాళ్లని ప్రశ్న అడిగే ఫైర్‌వాల్ ఎంత గొప్పదైనా ఇంటికి పనికిరాదు. ఎస్‌వీసీ హోస్ట్‌ని పంపాలో వద్దో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న నాక్కూడా ఒక్కోసారి తేల్చడం కష్టమే. ఎందుకంటే విండోస్‌లో బోలెడన్ని సర్వీసులు ఆ ఒక్క పేరు వెనకే నడుస్తాయి. అలాంటిది లెక్కల మాస్టారిని అడిగి ఏం లాభం? తేల్చగలిగినవాడు ఒకసారి కూర్చుని ముందే తేల్చేయాలి. ఆ తర్వాత ఫైర్‌వాల్ నోరు మూసుకుని తన పని తాను చేసుకోవాలి.

"మరి బయటికి వెళ్లేవాళ్లని అడక్కుండా వదిలేస్తే వైరస్‌లు మన సమాచారం పట్టుకుపోవా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అడ్మిన్ హక్కులతో లోపల తిష్ఠవేసిన వైరస్ ఫైర్‌వాల్‌నే ఆపేయగలదు. లేదా ఎలాగూ అనుమతి ఉన్న బ్రౌజర్ భుజమ్మీద చెయ్యేసి దర్జాగా బయటికి నడుస్తుంది. ఏ ప్రోగ్రాం ఎవరికి ఫోన్ చేస్తోందో తెలుసుకోవాలనే సరదా ఉన్నవాళ్లకి అడిగే ఫైర్‌వాల్ మంచి పాఠశాల. నేనూ అలాగే నేర్చుకున్నాను. దాన్ని మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి, మీ నాన్నగారి దాంట్లో కాదు.

సరే, కబుర్లు చాలు. ఆ కుర్రాడికి చివరికి ఏం చెప్పానో అదే ఇక్కడ కూడా.

మీ సొంత విండోస్ కంప్యూటర్‌కి అందులో ఉన్న ఫైర్‌వాల్ చాలు. కొత్తది వెతికే ముందు ఉన్నదాన్ని సరిగా పెట్టుకోండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తే డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు ఉంటాయి. మూడూ ఆన్‌లో ఉండాలి. కొత్త లాప్‌టాప్‌తో పాటు వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌లు కొన్ని దీన్ని పక్కకి నెట్టి తమ ఫైర్‌వాల్ పెట్టుకుంటాయి. వాటి గడువు తీరాక ఇది మళ్లీ ఆన్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి. రెండు ఫైర్‌వాల్స్ కలిపి మాత్రం నడపొద్దు. ఒకే గేటుకి ఇద్దరు వాచ్‌మన్లని పెడితే వాళ్లిద్దరూ కొట్టుకుంటారు, మీ కొరియర్ రోడ్డుమీదే ఉంటుంది.

మీ వైఫైని పబ్లిక్ అనే పెట్టుకోండి. సొంతిల్లయినా సరే. ఇంట్లో ప్రింటర్నో ఫోల్డర్నో పంచుకోవాల్సిన అవసరం ఉంటేనే ప్రైవేట్. పీజీలు, హాస్టళ్లలో ఉండే పిల్లలు దీన్ని గోడమీద రాసుకోవాలి. ఒకే వైఫైలో నలభై మంది ఉంటారు, అందులో ఎవడి కంప్యూటర్‌లో ఏముందో ఎవరికి తెలుసు? ఇందాకటి కేబుల్ ఆయన నెట్‌వర్క్ కథే మళ్లీ. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు జరిగిందీ అదే కదా. 445వ పోర్టు మీదుగా ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకింది. దానికీ రెండు నెలల ముందే ప్యాచ్ ఉంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి.

తర్వాత, 'అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్' అనే జాబితా తెరవండి. ఎప్పుడో ఆడి మానేసిన గేములు, పాత టోరెంట్ సాఫ్ట్‌వేర్లు అక్కడ ఇంకా టిక్కులతో కూర్చుని ఉంటాయి. తీసేయండి. పబ్లిక్ గడిలో రిమోట్ డెస్క్‌టాప్‌కీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కీ టిక్ ఉంటే అది కూడా తీసేయండి. రైల్వేస్టేషన్లో, హోటల్లో ఉన్నప్పుడు పబ్లిక్ కింద ఉండే 'బ్లాక్ ఆల్ ఇన్‌కమింగ్' నొక్కండి. బ్రౌజింగ్‌కి ఏ ఇబ్బందీ ఉండదు, ఎందుకంటే అక్కడ పలకరించేది మీరే, వచ్చేది మీకు జవాబే.

కంప్యూటర్ ఎంత కట్టుదిట్టంగా పెట్టినా రౌటర్‌ని వదిలేయకండి. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. యూపీఎన్‌పీ అవసరం లేకపోతే అదీ ఆపేయండి, లోపలి ప్రోగ్రాములు మిమ్మల్ని అడక్కుండా రౌటర్‌కి కన్నాలు పెట్టుకునేది దానితోనే. "నాకు రౌటర్ ఉంది, నాట్ ఉంది, నన్నెవడు చూస్తాడు" అనుకునే రోజులు కూడా పోయాయి. ఐపీవీ6 వచ్చాక ఇంట్లో ప్రతి మెషీన్‌కీ బయటికి కనిపించే అడ్రసు ఉండొచ్చు. కాబట్టి రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఉబుంటు వాడేవాళ్లు మురిసిపోకండి. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ అందులో ఉంటుంది గానీ ఆన్ చేసి ఉండదు. 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్' అని కొడితే పని అయిపోతుంది. బయటినుంచి వచ్చేవి ఆగుతాయి, లోపలివి వెళ్తాయి. మ్యాక్‌లో కూడా సెట్టింగుల్లోకెళ్లి ఆన్ చేసుకోవాలి.

ఇక అమ్మానాన్నల కంప్యూటర్. మా నాన్నగారి లాప్‌టాప్‌లో ఇప్పుడు టైనీవాల్ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్. దాని గొప్పేమిటంటే అది అసలు డబ్బాలే చూపించదు. జాబితాలో ఉన్నవాటిని పంపిస్తుంది, లేనివాటిని చప్పుడు చేయకుండా ఆపేస్తుంది. బ్రౌజర్, వీడియో కాల్, విండోస్ అప్‌డేట్, ప్రింటర్.. నేనే కూర్చుని ఒక్కొక్కటీ జాబితాలో పెట్టాను. గంట పట్టింది. ఆటోలెర్న్ అని ఒక మోడ్ ఉంది, కనిపించిన ప్రతిదాన్నీ మంచిదే అనుకుని చేర్చేసుకుంటుంది. కంప్యూటర్ శుభ్రంగా ఉందని నమ్మకం ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. చివర్లో పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేశాను. ఆయన విండోస్ అకౌంట్‌ని కూడా అడ్మిన్ నుంచి స్టాండర్డ్‌కి మార్చాను. ఇవన్నీ ఆయనకి చెప్పే చేశాను. ఆయన ఇంట్లో ఆయనకే తెలియకుండా తాళం వేయడం నాకిష్టం లేదు.

దీంతో అన్ని మోసాలూ ఆగిపోతాయని చెప్పను. ఈ రోజుల్లో దొంగలు లాప్‌టాప్ కంటే ఫోన్ దారే ఎక్కువ పడుతున్నారు, అక్కడ ఈ గోడ లేదు. బ్రౌజర్‌లోనే జరిగే మోసాన్నీ ఇది ఆపదు. కొత్త ప్రోగ్రాం ఏది వేసినా మొదట పనిచేయదు, అదొక తలనొప్పి. కానీ ఆ తలనొప్పి ఇప్పుడు నాది. ఆయనది కాదు. ఉండాల్సింది అక్కడే.

నోట్‌బుక్‌లో ఆ నాలుగో పేజీ చింపేద్దామన్నాను. "ఉండనీరా, తప్పు లెక్క చెరపకూడదు, పక్కన కొట్టేసి సరైనది రాయాలి" అన్నారు మాస్టారు. ఎర్రసిరా వాక్యం మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కింద నీలంసిరాతో రాశారు: "ఏది పనిచేయకున్ననూ అబ్బాయికి ఫోన్ చేయవలెను."

మొన్న స్టాండప్ మీటింగు మధ్యలో ఫోన్ మోగింది. "ఒరేయ్, ఇదేదో కొత్తగా వేశాను, నెట్‌కి కనెక్ట్ కావట్లేదురా." మీటింగులోంచి బయటికొచ్చి మాట్లాడాను. అంకెలన్నీ చదవమన్నాను. ఓపిగ్గా, ఒక్కొక్కటీ.